పులియడం ఎక్కడ ఆపాలి: వేలెన్ ప్ర్యూమ్ కుటుంబం రీస్లింగ్ మీద ఒక కేస్ స్టడీ

జర్మనీలో మోజెల్ నది ఒడ్డున వేలెన్ అనే చిన్న ఊరుంది. రీస్లింగ్ ఒక తెల్ల ద్రాక్ష రకం, కాబినెట్ దానితో చేసే తేలిక వైన్ తరగతి. అక్కడి యోహాన్ యోసెఫ్ ప్ర్యూమ్ వైనరీ వాళ్ల కాబినెట్ రీస్లింగ్ సీసా తిప్పి చూస్తే ఆల్కహాల్ 8.5 నుంచి 9 శాతం అని ఉంటుంది. మామూలు తెల్ల వైన్లలో అది 12, 13 శాతం. లోపల లీటరుకు 40, 50 గ్రాముల చక్కెర మిగిలే ఉంటుంది. అయినా తాగినవాళ్లు ముందు చెప్పేది పులుపు గురించి, తేలికదనం గురించి. తీపి మాట ఆ తర్వాతే వస్తుంది. పైగా మంచి ఏడాది సీసా ఇరవై ముప్పై ఏళ్లు నిలుస్తుంది.

ఈ మూడూ ఒకచోట కుదరడం మామూలు లెక్కకు అందదు. ఆల్కహాల్ తక్కువైతే వైన్‌కు రక్షణ తక్కువ. చక్కెర మిగిలితే ఈస్ట్‌కు మేత మిగిలినట్టే, మళ్లీ పులుస్తుంది. అలాంటిది ముప్పై ఏళ్లు ఎలా నిలుస్తోంది? మేము చూసినంతలో ఈ ఇంటి పని అంతా ఒక్క నిర్ణయం చుట్టూ తిరుగుతుంది: పులియడాన్ని ఎక్కడ ఆపాలి అన్నది. వాలు నేల, కోత రోజు, చల్లటి నేలమాళిగ, వైన్ చెడకుండా కలిపే గంధకం మోతాదు, వడపోత, ఇవన్నీ ఆ ఆపడం కుదరడానికి చేసే ఏర్పాట్లే. కింద ఇచ్చిన మోతాదులు, ఉష్ణోగ్రతలు మధ్య మోజెల్‌లో ఈ తరహా వైన్ చేసే సెల్లార్లన్నిటికీ వర్తించేవి. ఈ ఒక్క ఇంటి రహస్యాలు కావు.

ఇల్లు, తోటలు

ప్ర్యూమ్ వంశం ఈ ప్రాంతంలో పాతది. 1842లో యోడోకుస్ ప్ర్యూమ్ ఊరికి ఎదురుగా నది అవతలి వాలు మీద బండను చదును చేయించి సూర్యగడియారం పెట్టించాడు. తోటలో పనిచేసే కూలీలకు వేళ తెలియాలని. వేలెనర్ జోన్నెన్‌ఊర్ అనే తోట పేరు దాన్నుంచే వచ్చింది. 1911లో కుటుంబ ఆస్తి వారసుల మధ్య పంచుకున్నప్పుడు యోహాన్ యోసెఫ్ వాటాతో ఇప్పటి సంస్థ మొదలైంది. 1920 నుంచి సెబాస్టియన్ ప్ర్యూమ్, 1969 నుంచి మన్‌ఫ్రెడ్ ప్ర్యూమ్ నడిపారు. 2003లో కాథరీనా ప్ర్యూమ్ పనిలోకి వచ్చారు. ఇరవై హెక్టార్లు దాటిన భూమి, అదీ ముక్కలు ముక్కలుగా: వేలెనర్ జోన్నెన్‌ఊర్, గ్రాఖర్ హిమ్మెల్‌రైఖ్, ట్సెల్టింగర్ జోన్నెన్‌ఊర్, బెర్న్‌కాస్టెల్‌లో కొన్ని మళ్లు. మోజెల్‌లో ఏ కుటుంబ వైనరీ పేరు చూసినా ఇంచుమించు ఇదే బొమ్మ. పంపకాలు జరిగిన కొద్దీ మళ్లు చిన్నవయ్యాయి, ఇంటిపేర్లు ఒకదానికొకటి అతుక్కున్నాయి. వేలెన్‌లో ప్ర్యూమ్ పేరుతో ఒకటికన్నా ఎక్కువ వైనరీలు ఉన్నాయి. కొనేవాళ్లు ముందున్న పేరు కూడా చదవాలి.

ఇల్లు నదికి ఈ ఒడ్డున, తోట ఆ ఒడ్డున. తోట నైరుతి ముఖంగా ఉంటుంది, కొన్ని చోట్ల వాలు 70 శాతం, అంటే పది అడుగులు ముందుకు పోతే ఏడు అడుగులు ఎక్కినట్టు. ఇక్కడ అక్షాంశం ఇంచుమించు 50 డిగ్రీలు. సమతల నేలలో రీస్లింగ్ పండటం కష్టమైన చోటు. వాలు వల్ల ఎండ నేరుగా పడుతుంది, నది చలి తీవ్రతను కొంత తగ్గిస్తుంది, నేల మీది పలకరాయి పగటి వేడిని పట్టి ఉంచి రాత్రి వదులుతుంది. ఆ రాయి మన మార్కాపురం పలకల రాయికి దూరపు చుట్టం. పొరలు పొరలుగా విడిపోతుంది, నీళ్లు నిలవనివ్వదు. డెవోనియన్ యుగానిది, అంటే ఇంచుమించు 40 కోట్ల ఏళ్ల నాటిది. వేళ్లను తినే ఫిల్లాక్సెరా పురుగుకు ఈ రాతినేల అంతగా సరిపడదు కనుక యూరప్ అంతా అంటుకట్టిన మొక్కలకు మారినా, ఇక్కడ సొంత వేళ్ల మీద పెరిగే ముసలి తీగలు ఇంకా చాలా ఉన్నాయి.

రీస్లింగే ఎందుకంటే, చిగురు ఆలస్యంగా వేస్తుంది, వసంతపు మంచు దెబ్బ కొంత తప్పుతుంది. చెక్క గట్టిది, చలికాలాన్ని తట్టుకుంటుంది. పండటానికి చాలా కాలం తీసుకుంటుంది, ఆ కాలమంతా పులుపును వదలదు. 1787లో ఈ ప్రాంతపు పాలకుడు, ట్రియర్ ఎలెక్టర్ క్లెమెన్స్ వెన్‌ట్స్‌లౌస్ నాసిరకాలు పీకేసి మంచి తీగలు నాటమని ఆజ్ఞ ఇచ్చాక మోజెల్‌లో దీనికి దారి తెరుచుకుంది.

తీగ పని

హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ పందిళ్లు చూసినవాళ్లకు మోజెల్ తోట వింతగా ఉంటుంది. పందిరి లేదు, తీగె వరసలు కూడా చాలాచోట్ల లేవు. ఒక్కో తీగకు రెండు మీటర్లు దాటిన ఒక్కో గుంజ. చలికాలంలో కత్తిరించేటప్పుడు రెండు పొడవు కొమ్మలు మాత్రం ఉంచి, వాటిని కిందికి వంచి గుంజకు కడతారు. ముందునుంచి చూస్తే గుండె ఆకారం. ఎండుకొమ్మను చలి గాలిలో వంచితే విరుగుతుంది. అందుకే రసం పైకెక్కే రోజుల్లో, తేమ ఉన్న వాతావరణం చూసి వంచుతారు. వంపు వల్ల రసం కొమ్మ చివరికే పరుగెత్తకుండా మధ్య మొగ్గలకూ అందుతుంది.

ఒంటి గుంజ పద్ధతికి లాభం ఏమిటంటే మనిషి ఏ దిక్కుకైనా కదలవచ్చు. వరసలుంటే పైకి కిందికి మాత్రమే నడవాలి, 70 శాతం వాలులో అది ప్రాణం తీసే పని. నష్టం ఏమిటంటే యంత్రం దిగదు. సమతల తోటలో యంత్రాలతో హెక్టారుకు ఏడాదికి రెండు మూడు వందల గంటల్లో అయ్యే పని ఇక్కడ వెయ్యి గంటలు దాటుతుంది. పైకి మనుషుల్ని, పెట్టెల్ని తీసుకెళ్లడానికి ఒంటి పట్టా మీద నడిచే చిన్న రైలుబండి, వించ్ తాడుతో లాగే నాగళ్లు వాడతారు. బూజు మందు చాలా ఏళ్లుగా హెలికాప్టర్‌తో చల్లుతున్నారు, ఇప్పుడు డ్రోన్లూ వచ్చాయి.

దిగుబడి లెక్క తేలిక. హెక్టారుకు 8,000 తీగలు, 60 హెక్టోలీటర్ల (6,000 లీటర్ల) రసం అనుకుంటే తీగకు 750 మిల్లీలీటర్లు, అంటే ఒక సీసా. ఇంతకన్నా ఎక్కువ కాయనిస్తే చక్కెర తగ్గుతుంది, రుచి పలచబడుతుంది. మరీ తగ్గించినా కాబినెట్‌కు మంచిది కాదు. తీగ మీద భారం తక్కువైతే పండు త్వరగా చక్కెర పోగుచేసుకుంటుంది, తేలికదనం పోతుంది. దిగుబడి ఎంత తగ్గిస్తే అంత గొప్ప అని రాసేవాళ్లు ఎర్ర వైన్ లెక్కలు ఇక్కడికి మోసుకొస్తున్నారనుకోవాలి.

2019 నవంబరులో తెరిచిన హోఖ్‌మోజెల్ వంతెన సంగతి కూడా చెప్పుకోవాలి. నదికి ఇంచుమించు 160 మీటర్ల ఎత్తున పోతుంది. దాన్ని కలిపే రోడ్డు ట్సెల్టింగెన్, వేలెన్, గ్రాఖ్ తోటల పై గుట్ట మీదుగా వెళుతుంది. ఆ గుట్ట అడవిలో ఇంకిన వాననీరే కింది తీగలకు వేసవిలో ఊట. రోడ్డు పనులతో ఆ ఊట దారి మారుతుందేమోనని అప్పట్లో ఇక్కడి రైతులు గట్టిగా అడ్డుపడ్డారు.

కోత: ఎక్స్‌లె లెక్క

జర్మన్ వైన్ పండు పక్వాన్ని ఎక్స్‌లె డిగ్రీల్లో కొలుస్తుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు ద్రాక్షరసం లీటరు నీటికన్నా ఎన్ని గ్రాములు ఎక్కువ తూగుతుందో అన్ని డిగ్రీలు. 1,084 గ్రాములు తూగితే 84 ఎక్స్‌లె. 1971 వైన్ చట్టం సీసా మీది తరగతుల్ని ఈ అంకెలకే కట్టేసింది. ప్రాంతాన్నీ ద్రాక్ష రకాన్నీ బట్టి కనీస హద్దు కాబినెట్‌కు 67 నుంచి 82, ష్పేట్‌లేజెకు 76 నుంచి 90, ఔస్‌లేజెకు 83 నుంచి 100, బేరెన్‌ఔస్‌లేజెకు, ఐస్‌వైన్‌కు 110 నుంచి 128, ట్రోకెన్‌బేరెన్‌ఔస్‌లేజెకు 150 పైన. ఐస్‌వైన్‌కు అదనంగా పండు చెట్టు మీదే మైనస్ 7 డిగ్రీలకు గడ్డకట్టి ఉండాలి.

ఇవి పండులోని చక్కెరకు హద్దులే తప్ప సీసాలోని తీపికి కావు. చట్టం పెట్టింది కనీస హద్దు మాత్రమే, పై హద్దు లేదు. కాబినెట్ అని రాసిన సీసాలో ష్పేట్‌లేజె స్థాయి పండు ఉండొచ్చు. మంచి ఇళ్లలో తరచూ అదే జరుగుతుంది.

కోత ఒక్కసారిలో అయ్యేది కాదు. ఒకే మడిలోకి రెండు మూడు సార్లు వెళ్తారు. కాబినెట్‌కు ఆకుపచ్చ పసుపు మధ్య రంగులో, బూజు లేని గుత్తులు కావాలి. బోట్రైటిస్ అనే బూజు పట్టి ముడుచుకున్న గింజల్ని అదే మనిషి వేరే డబ్బాలో వేస్తాడు. అవి ఔస్‌లేజె దారి పడతాయి. బోట్రైటిస్ మంచిదా చెడ్డదా అన్నది ఎప్పుడు పట్టిందన్నదాన్ని బట్టి ఉంటుంది. పండిన గింజకు, ఉదయం పొగమంచు, మధ్యాహ్నం ఎండ ఉన్న రోజుల్లో పడితే నీరు ఆవిరై చక్కెర, పులుపు రెండూ చిక్కబడతాయి. పచ్చిగా ఉండగా వాన పడి గింజ పగిలితే అదే బూజు వెంట వెనిగర్ బ్యాక్టీరియా దిగుతుంది. రీస్లింగ్ గుత్తి బిగుతుగా ఉంటుంది. లోపల ఒక గింజ పగిలితే పైకి కనిపించదు. అందుకే వాన తర్వాత గుత్తిని తెరిచి వాసన చూడకుండా డబ్బాలో వేయకూడదు.

పిండడం నుంచి ఆపడం దాకా

గుత్తుల్ని చాలాసార్లు కాడలతోనే గాలిసంచి ప్రెస్‌లో మెల్లగా పిండుతారు. కాడలు రసానికి దారి ఇస్తాయి, తొక్కలోని చేదు తక్కువ దిగుతుంది. రసాన్ని రాత్రంతా చల్లగా ఉంచితే మడ్డి అడుక్కి చేరుతుంది, తేటను పైనుంచి తీస్తారు. మరీ అద్దంలా తేటగా తీస్తే ఈస్ట్‌కు ఆహారం పోయి పులియడం మధ్యలో నిలిచిపోతుంది. మడ్డి ఎక్కువ వదిలితే కుళ్లు వాసనలు పుడతాయి.

ప్ర్యూమ్ ఇంట్లో ప్యాకెట్ ఈస్ట్ కలపరు. తోట నుంచీ సెల్లార్ నుంచీ వచ్చిన ఈస్ట్‌తోనే పులుస్తుంది. మోజెల్ సంప్రదాయ పాత్ర ఫూడర్, 1,000 లీటర్ల పాత ఓక్ పీపా. ఇప్పుడు స్టీలు తొట్లూ వాడకంలో ఉన్నాయి. ఫూడర్ పరిమాణానికి ఒక లాభం ఉంది. పులిసేటప్పుడు పుట్టే వేడి చల్లటి నేలమాళిగలో దానంతటదే బయటికి పోతుంది, 10,000 లీటర్ల తొట్టిలో అలా పోదు, చల్లనీళ్ల కవచం కావాలి. 15 నుంచి 18 డిగ్రీల దగ్గర మెల్లగా, వారాల తరబడి, ఒక్కోసారి కొత్త సంవత్సరం దాకా సాగుతుంది.

ఇక అసలు లెక్క. 84 ఎక్స్‌లె రసంలో లీటరుకు దాదాపు 190 గ్రాముల చక్కెర ఉంటుంది. ఒక శాతం ఆల్కహాల్‌కు ఇంచుమించు 17 గ్రాములు ఖర్చు. పూర్తిగా పులిస్తే 11 శాతం పైచిలుకు వస్తుంది, చక్కెర మిగలదు. 8.5 శాతం దగ్గర ఆపితే 143 గ్రాములు ఖర్చయి 47 మిగులుతాయి. 7.5 దగ్గర ఆపితే 64; 9.5 దాకా పోనిస్తే 30. పులుపు 8 గ్రాములున్న ఏడాదిలో 47 గ్రాములు నాలుక మీద తీపిగా అనిపించకుండానే సర్దుకుంటాయి. పులుపు 6.5 ఉంటే అదే 47 చప్పటి తీపి. అంటే ముందే అంకె నిర్ణయించుకుని కూర్చుంటే కుదరదు. పీపా పీపాకూ రుచి చూడాలి, రోజూ సాంద్రత రాసుకోవాలి.

ఆపే పద్ధతి ఇది. అనుకున్న చోటుకు ఇంకా మూడు నుంచి అయిదు గ్రాములు ఉండగానే చల్లదనం మొదలుపెడతారు, ఎందుకంటే ఉష్ణోగ్రత దిగే ఒకటి రెండు రోజులు కూడా ఈస్ట్ తింటూనే ఉంటుంది. 5 డిగ్రీల లోపుకు తెచ్చాక ఈస్ట్ కిందికి దిగుతుంది. అప్పుడు పై తేటను వేరే పాత్రలోకి మార్చి, లీటరుకు 80 నుంచి 100 మిల్లీగ్రాముల సల్ఫర్ డయాక్సైడ్ కలుపుతారు. ఇది ఎక్కువ అనిపించవచ్చు. పులియడం మధ్యలో ఆపినప్పుడు వైన్‌లో ఎసిటాల్డిహైడ్ అనే పదార్థం ఎక్కువగా ఉంటుంది, కలిపిన గంధకంలో పెద్ద వాటాను అది కట్టేస్తుంది. కట్టుబడ్డ గంధకం వైన్‌ను కాపాడదు. కొన్ని వారాల తర్వాత మళ్లీ కొలిచి, స్వేచ్ఛగా ఉన్నది 40 నుంచి 50 మిల్లీగ్రాములకు సరిచేస్తారు.

ఇక్కడే పులుపు విలువ తెలుస్తుంది. స్వేచ్ఛగా ఉన్న గంధకంలో సూక్ష్మజీవుల్ని నిజంగా అడ్డుకునేది ఒక చిన్న భాగమే. పీహెచ్ (ఈ అంకె తగ్గితే పులుపు ఎక్కువని అర్థం) 3.0 దగ్గర అది దాదాపు 6 శాతం, 3.4 దగ్గర రెండున్నర శాతం. అంటే 40 మిల్లీగ్రాములే పుల్లటి వైన్‌లో 2.4గా, పులుపు తక్కువ వైన్‌లో 1గా పనిచేస్తాయి. వేడి దేశంలో పండిన ద్రాక్షతో ఈ వైన్ చేయబోయేవాళ్లు మొదట ఓడిపోయేది ఇక్కడే: ఆపడానికి రెట్టింపు గంధకం కావాలి, అప్పుడు ముక్కు ఒప్పుకోదు. యూరోపియన్ యూనియన్ మొత్తం గంధకానికి హద్దు కూడా తరగతిని బట్టి పెట్టింది: పొడి (చక్కెర దాదాపు మిగలని) తెల్ల వైన్‌కు లీటరుకు 200 మిల్లీగ్రాములు, చక్కెర 5 గ్రాములు దాటితే 250, ష్పేట్‌లేజెకు 300, ఔస్‌లేజెకు 350, బేరెన్‌ఔస్‌లేజె పైవాటికి 400. బోట్రైటిస్ పట్టిన రసం గంధకాన్ని ఇంకా ఎక్కువ కట్టేస్తుంది, ఆ మెట్లు అందుకే.

దీనికి దగ్గరదారి ఒకటుంది. పూర్తిగా పులిసిన వైన్‌లో విడిగా దాచిన పులియని రసం కలిపితే తీపి వస్తుంది, చట్టం ఒప్పుకుంటుంది. లెక్క సులువు, ప్రమాదం తక్కువ. కానీ 11 శాతం వైన్‌లో కలిపిన రసం వేరు, 8.5 దగ్గర ఆగిన వైన్ వేరు. రసం కలిపినదానిలో తీపి ముందు వరసలో విడిగా నిలబడుతుంది. ఆపినదానిలో మిగిలేది ఎక్కువగా ఫ్రక్టోజ్, ఎందుకంటే ఈస్ట్ గ్లూకోజ్‌ను ముందు తింటుంది. ఈ తేడా కోసమే ఇంత తిప్పలు పడటం న్యాయమేనని మా అభిప్రాయం.

సీసాలో నింపడం ఆఖరి గండం. ఈస్ట్ కణాన్ని 0.65 మైక్రాన్ పొర పట్టేస్తుంది. బ్యాక్టీరియా కూడా దాటకుండా 0.45 పొర వాడతారు. నింపే ముందు గొట్టాలు, నాజిళ్లు అన్నిటినీ ఆవిరితో 80 డిగ్రీలకు పైన అరగంట కాయాలి. పొర చిరగలేదని గాలి ఒత్తిడి పరీక్షతో మొదట్లోనూ చివర్లోనూ చూసుకోవాలి. చివర్లో చూడటం మానేసే సెల్లార్లలోనే సీసాలు మళ్లీ పులుస్తాయి.

ఏది ఎందుకు చెడుతుంది

కొత్త ప్ర్యూమ్ సీసా తెరవగానే అగ్గిపుల్ల, కొంచెం కుళ్లిన గుడ్డు లాంటి వాసన వస్తే కంగారు పడక్కర్లేదు. సహజ ఈస్ట్‌తో, గాలి తగలకుండా చేసిన వైన్‌కు చిన్నతనంలో ఉండే లక్షణమిది. ఈ ఇంటి వైన్లకు అది పేరుపడింది. మరో పాత్రలోకి పోసి గంట ఉంచితే చాలావరకు పోతుంది, అయిదారేళ్లు దాచితే పూర్తిగా పోతుంది. కానీ అదే వాసన ఏ పీపాలోనైనా పోకుండా ఉంటే అది లోపమే. రసంలో ఈస్ట్‌కు అందే నత్రజని లీటరుకు 150 మిల్లీగ్రాముల లోపు ఉంటే హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువ పుడుతుంది. కోతకు ముందు ఆలస్యంగా చల్లిన గంధకపు పొడి గింజ మీద మిగిలినా అంతే. పరీక్ష సులువు: గ్లాసులో శుభ్రమైన రాగి ముక్క వేసి తిప్పి, ముక్కు దగ్గర పెట్టాలి. వాసన పోతే హైడ్రోజన్ సల్ఫైడ్ గానీ, మెర్కాప్టాన్ అనే మరో గంధకపు పదార్థం గానీ. పోకపోతే అది మారి డైసల్ఫైడ్ అనే పదార్థమై కూర్చుంది, రాగి సల్ఫేట్‌తోనూ కదలదు. కాబట్టి పీపాలో వాసన కనిపించిన వారంలోనే మడ్డి నుంచి వేరుచేయాలి, వాయిదా వేస్తే చేయి దాటుతుంది.

కాబినెట్ గ్లాసులో నాలుక మీద చిన్న చిటపట ఉంటుంది. పులిసేటప్పటి కార్బన్ డయాక్సైడ్ కొంత చల్లదనంలో కరిగి ఉండిపోవడం వల్ల అది, లోపం కాదు. చిటపటతో పాటు వైన్ మసకగా ఉండి, కార్క్ పైకి లేచి ఉంటే మాత్రం సీసాలో మళ్లీ పులిసినట్టే. అడుగున గాజు ముక్కల్లా మెరిసేవి టార్టారిక్ ఆమ్లపు పొటాషియం లవణం స్ఫటికాలు. వాటిని మింగినా ప్రమాదం లేదు, వడకట్టినా సరే.

ఎండిపోయిన ఏడాదుల్లో వచ్చే లోపం వేరు. తీగకు నీరు, నత్రజని తక్కువై, సీసాలో చేరిన కొన్ని నెలలకే వైన్ తడిగుడ్డ, నేలకు పూసే మైనం లాంటి వాసన కొడుతుంది. దానికి కారణం 2-అమినోఎసిటోఫినోన్ అనే పదార్థం. తర్వాత చేయగలిగేది లేదు. ముందుగా సీసాలో నింపేటప్పుడు లీటరుకు 150 మిల్లీగ్రాముల ఆస్కార్బిక్ ఆమ్లం కలిపితే కొంత అడ్డుపడుతుంది. దిగుబడి తగ్గించి, గడ్డిని వరస విడిచి వరస మాత్రమే ఉంచితే తీగకు నీరు మిగులుతుంది, అదే అసలు మందు.

పాత రీస్లింగ్‌లో కిరోసిన్ వాసన గురించి చాలామంది అడుగుతారు. టీడీఎన్ అనే పదార్థం. గింజకు ఎండ ఎక్కువ తగిలితే దాని మూలపదార్థాలు పెరుగుతాయి, సీసాలో ఏళ్ల తరబడి విడుదలవుతాయి. పదిహేనేళ్ల ఔస్‌లేజెలో తేనె, ఎండిన ఆప్రికాట్‌తో కలిసి కొంచెం ఉంటే అందమే. రెండేళ్ల సీసాలో మిగతా అన్నిటినీ మింగేస్తే గుత్తుల చుట్టూ ఆకులు అతిగా తుంచిన తోట అని అర్థం.

పులుపు మరీ ఎక్కువైన 2010 లాంటి ఏడాదిలో కాల్షియం కార్బొనేట్ కలుపుతారు: లీటరుకు ఒక గ్రాము పులుపు తగ్గించడానికి 0.67 గ్రాములు. రసంలోనే చేయాలి, వైన్ అయ్యాక చేస్తే సుద్దరుచి మిగులుతుంది. ఆపిన వైన్లకు మాత్రం ఎక్కువ పులుపే వరం కనుక, ఈ పని పొడి వైన్లు చేసేవాళ్లకే ఎక్కువ అవసరమవుతుంది.

సీసా చదవడం, దాచడం, వడ్డించడం

లేబుల్ అడుగున ఒక పొడవాటి పరీక్ష సంఖ్య ఉంటుంది. చివరి రెండంకెలు పరీక్షించిన ఏడాది, సాధారణంగా కోత తర్వాతి ఏడాది. వాటికి ముందున్న అంకెలు ఏ లాట్ అని చెబుతాయి. ఒకే తోట, ఒకే ఏడాది, ఒకే ఔస్‌లేజె అని రాసున్నా లాట్ వేరైతే వైన్ వేరు. పైన బంగారు రంగు మూత ఉంటే ఆ ఇల్లు తన లెక్కన ఎక్కువ ఏరి చేసినదని గుర్తు. పొడుగు బంగారు మూత ఇంకా అరుదైనది. చట్టంలో ఈ మూతలకు అర్థం లేదు. అరుదైన లాట్లు ట్రియర్‌లో గ్రోసర్ రింగ్ అనే వైనరీల సంఘం జరిపే వేలానికి వెళ్తాయి. 1908లో మొదలైన ఆ సంఘంలో ప్ర్యూమ్ ఇల్లూ ఉంది.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో దాచేవాళ్లకు: 12 నుంచి 14 డిగ్రీలు, కార్క్ తడిసేలా పడుకోబెట్టి. ఎండాకాలంలో గది అల్మరాలో పెట్టిన సీసా ఒక్క వేసవికే చాలా ఏళ్లు ముసలిదవుతుంది. కొనేటప్పుడు కార్క్ పైకి ఉబ్బిందా, మూత కింద జిగట కారిందా చూడండి. రెండూ దారిలో వేడి తగిలిన గుర్తులు. తెరిచిన సీసా ఫ్రిజ్‌లో వారం దాకా బాగుంటుంది. వాసన కొట్టిన కొత్త సీసా మూడో రోజుకే ఎక్కువ బాగుంటుంది.

మన కారానికి ఈ వైన్ సరిపోవడానికి కారణం ఆల్కహాల్ తక్కువ కావడం. మిరపలోని కాప్సైసిన్ తట్టిలేపే నాడీ గ్రాహకాన్నే ఆల్కహాల్ కూడా తట్టిలేపుతుంది. 14 శాతం ఎర్ర వైన్‌తో కోడివేపుడు తింటే నోరు ఇంకా ఎక్కువ మండుతుంది. 8.5 శాతం కాబినెట్‌లో ఆ మంట తక్కువ, మిగిలిన చక్కెర కారాన్ని కొంత అణుస్తుంది. గోంగూర మాంసం లాంటి పుల్లటి కూరల పక్కన మామూలు వైన్లు చప్పబడిపోతాయి, ఎందుకంటే కూరే వైన్‌కన్నా పుల్లన. అక్కడ కాబినెట్ నిలబడుతుంది. ఔస్‌లేజెను మాత్రం కూరలతో పెట్టొద్దు. 8 నుంచి 10 డిగ్రీల దగ్గర వడ్డించాలి, మరీ గడ్డకట్టేలా చల్లబరిస్తే పులుపు తప్ప ఏమీ తెలియదు.

వేడెక్కిన ఏడాదులు

పాత రోజుల్లో మోజెల్ కష్టం పండకపోవడం. ఇప్పుడు కాబినెట్ చేయడమే కష్టమవుతోంది. 2018 లాంటి వేడి ఏడాదుల్లో జోన్నెన్‌ఊర్ లాంటి ఎండ తోటలో సెప్టెంబరులోనే 90 ఎక్స్‌లె దాటుతుంది, పులుపు పడిపోతుంది. 92 ఎక్స్‌లె రసంలో చక్కెర 208 గ్రాములు. 8.5 దగ్గర ఆపితే 65 మిగులుతాయి, పులుపు 6.5 ఉంటే అది కాబినెట్ రుచి కాదు. 9.5 దాకా పోనిస్తే 48 మిగులుతాయి, తూకం కుదురుతుంది, కానీ తేలికదనంలో కొంత పోతుంది. ఆ రెండింటి మధ్య ఒకటి ఎంచుకోక తప్పదు. దానికన్నా ముందు చేయగలిగినవి తోటలో ఉన్నాయి: గుత్తుల మీద ఆకు నీడ ఉంచడం, కాబినెట్ మళ్లను రెండు వారాల ముందు కోయడం, గుట్ట పైభాగంలోని చల్లటి మళ్లకు జరగడం. ముందు కోస్తే పండు రుచి రాకముందే కోసినట్టవుతుందని కొందరి వాదన. రీస్లింగ్‌లో 78, 80 ఎక్స్‌లెకే రుచి వచ్చేస్తుంది, వేడి ఏడాదుల్లో ఇంకా ముందే. తీగ ముసలిదై, వేళ్లు లోతుకు దిగి ఉంటే చక్కెర కన్నా ముందు రుచి పండుతుంది. లేత తీగలున్న మడిలోనే ఆ వాదనకు బలం.

2021 మళ్లీ చల్లగా వచ్చింది, పులుపు పదునుగా ఉంది, కాబినెట్లు పాత తరహాలో కుదిరాయి. ఈ తరహా మొదటిసారి కొనేవాళ్లు 2021 కాబినెట్‌ను, 2018 కాబినెట్‌ను పక్కపక్కన పెట్టి తాగితే, ఆల్కహాల్ అంకె ఒకటే ఉన్నా రుచి ఎందుకు ఒకటి కాదో నాలుకకే తెలుస్తుంది.